మే నెలాఖర్లో సాబీ సాండ్, 4 రాత్రులు: పెద్దాయనతో, 9 ఏళ్ళ పాపతో ఏ ప్లాన్ మంచిది?

సాగరతీరం

అందరికీ నమస్కారం. వచ్చే వేసవి సెలవుల్లో, మే ఆఖరి వారంలో, దక్షిణాఫ్రికాలోని ప్రైవేట్ గేమ్ రిజర్వ్‌లో, అంటే అడవి జంతువుల్ని చూపించే ప్రైవేటు అడవిలో, 4 రాత్రులు ఉండాలని అనుకుంటున్నాం. వైజాగ్ నుంచి నలుగురం: నేను, మా ఆవిడ, 9 ఏళ్ళ పాప, మా నాన్నగారు. నాన్నగారికి 68. బీపీ మాత్రలు వాడతారు, మోకాళ్ళ నొప్పులున్నాయి, మెట్లు నెమ్మదిగా ఎక్కుతారు. శాకాహారి, గుడ్డు కూడా తినరు.

ద్వారకానగర్‌లో ఒక ఏజెంట్ రెండు ప్లాన్లు ఇచ్చాడు. మొదటిది సాబీ సాండ్ రిజర్వ్‌లో 2 రాత్రులు, టింబావటి రిజర్వ్‌లో 2 రాత్రులు, రెండు చోట్లా గదికి సొంత ప్లంజ్ పూల్ (చిన్న ఈతకొలను). రెండోది సాబీ సాండ్‌లోనే ఒకే లాడ్జిలో 4 రాత్రులు, మామూలు గది. చివరికి పడే డబ్బు రెండిటికీ పెద్ద తేడా లేదు.

ఏది తీసుకోవాలి? మలేరియా సంగతేంటి? ఓపెన్ జీపులో రోజుకి 7 గంటలు నాన్నగారు కూర్చోగలరా? ఇంత డబ్బు పెడుతున్నప్పుడు ఏజెంటుని ఏమేం అడిగి రాయించుకోవాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

కంబాలకొండ

రెండో ప్లానే తీసుకోండి సార్.

డ్రైవ్‌ల లెక్క చూస్తే రెండూ ఒకటే. లాడ్జిలో ఒక రాత్రికి రెండు గేమ్ డ్రైవ్‌లు, అంటే జంతువుల్ని చూడటానికి జీపులో తిరగడం: వచ్చినరోజు సాయంత్రం ఒకటి, బయల్దేరేరోజు పొద్దున ఒకటి, మధ్య రోజుల్లో రెండేసి. 4 రాత్రులకి 8. మధ్యలో చోటు మారినా 8 రావాలి, కానీ మారేరోజు పొద్దున డ్రైవ్ నుంచి వచ్చి, టిఫినూ భోజనమూ కలిపి పెట్టే బ్రంచ్ తిని, పెట్టె సర్ది, మధ్యాహ్నం 3 లోపు రెండో లాడ్జికి చేరాలి. మే చివర్లో అక్కడ సాయంత్రం 5 దాటగానే సూర్యాస్తమయం, అందుకని మధ్యాహ్నం డ్రైవ్ 3, 3:30కే బయల్దేరుతుంది. దారిలో గంట ఆలస్యమైతే ఆ డ్రైవ్ పోయినట్టే. పెద్దాయన విశ్రాంతి తీసుకునే మధ్యాహ్నం కూడా పోతుంది. పైగా సాబీ సాండ్, టింబావటి రెండూ క్రూగర్ నేషనల్ పార్కుని ఆనుకునే ఉన్నాయి. మధ్యలో కంచెలు లేవు, జంతువులు దాదాపు అవే. చోటు మారినంత మాత్రాన కొత్త అడవి చూసినట్టు కాదు.

అంతకన్నా పెద్ద కారణం ఒకటుంది. ఒకే రేంజర్ (జీపు నడిపే గైడు), ఒకే ట్రాకర్ (అడుగుజాడలు పట్టి జంతువుల్ని వెతికే మనిషి)తో 4 రోజులు తిరిగితే వాళ్ళ పని ఒకరోజు మీద ఒకరోజు పేరుకుంటుంది. నిన్న సాయంత్రం చిరుతపులి తాను చంపిన ఇంపాలాని (ఒక రకం జింక) చెట్టెక్కించి ఉంటే, ఈ పొద్దున అది అక్కడే ఉంటుందని ట్రాకర్‌కి తెలుసు. సింహాల గుంపు రాత్రి ఏ వాగు వైపు పోయిందో తెలుసు. మీరు ఏం చూశారో, ఇంకా ఏం చూడాలనుకుంటున్నారో కూడా తెలుసు. రెండు రాత్రులకే మారితే కొత్త చోట మళ్ళీ మొదటినుంచి మొదలు.

ప్లంజ్ పూల్ గురించి ఆలోచించకండి. అప్పటికి అక్కడ చలికాలం మొదలవుతుంది, పూల్ నీళ్ళు చల్లగా ఉంటాయి. అదీగాక గదిలో ఉండే సమయమే తక్కువ.

ప్రైవేట్ రిజర్వ్‌లో మీరు డబ్బు పెట్టేది గదికి కాదు, జీపుకీ అందులో ఉండే ఇద్దరు మనుషులకీ. ఇది బాగా అర్థమైతే ఏ లాడ్జి ఎంచుకోవాలన్నది తేలికైపోతుంది. క్రూగర్ పార్కు లోపల సొంత కారులో తిరిగితే రోడ్డు దిగకూడదు, సూర్యాస్తమయానికి గేటు లోపలికి వచ్చెయ్యాలి. రోడ్డుకి 50 మీటర్ల దూరంలో పొద వెనక చిరుతపులి ఉంటే తోక కనిపించినా అదృష్టమే. సాబీ సాండ్ లాంటి చోట రేంజర్ జీపుని పొదల్లోకి తీసుకెళ్ళొచ్చు, చీకటి పడ్డాక కూడా స్పాట్‌లైట్‌తో తిరగొచ్చు. బానెట్ ముందు చిన్న సీటు మీద ట్రాకర్ కూర్చుని అడుగుజాడలు చూస్తాడు. తడి ఆరని పేడ, మంచు మీద తొక్కిన గుర్తు, కోతులూ ఇంపాలాలూ పెట్టే హెచ్చరిక అరుపు, ఇవన్నీ కలిపి జంతువు ఎంతసేపటి కిందట వెళ్ళిందో అంచనా వేస్తాడు. కావలిస్తే దిగి నడిచి వెతుకుతాడు. ఒకరికి దొరికితే రేడియోలో చెబుతారు, కానీ ఒక జంతువు దగ్గర ఒకేసారి రెండో మూడో జీపులే ఉండాలని నియమం. మిగతావి దూరంగా ఆగి వంతు కోసం చూస్తాయి.

అందుకని ఏజెంటుని ఇవి అడగండి, ఫోన్లో కాదు, ఈమెయిల్‌లో:

లాడ్జికి ఎన్ని హెక్టార్లలో తిరిగే హక్కు ఉంది? దీన్ని ట్రావర్స్ అంటారు. సాబీ సాండ్ మొత్తం సుమారు 65,000 హెక్టార్లు, కానీ ఏ లాడ్జీ మొత్తం తిరగదు. హద్దు దాటిన చిరుతపులిని చిన్న ట్రావర్స్ ఉన్న లాడ్జి వెంటాడలేదు. ధర తక్కువ ఉన్న లాడ్జిల్లో చాలాసార్లు అసలు తేడా ఇక్కడే ఉంటుంది.

జీపుకి గరిష్ఠంగా ఎంతమంది? 6 అయితే మంచిది. 9, 10 ఎక్కించేచోట మధ్య సీటులో ఎవరో ఒకరు ఇరుక్కుంటారు. మీరు నలుగురు కాబట్టి 6 పరిమితి ఉంటే ఇంకో ఇద్దరే వస్తారు.

ప్రతి జీపుకీ ట్రాకర్ ఉంటాడా, లేక రేంజర్ ఒక్కడేనా? నడుపుతూ వెతకడం వేరు, వెతకడానికే ఒక మనిషి ఉండటం వేరు.

9 ఏళ్ళ పిల్లని అన్ని డ్రైవ్‌లకీ రానిస్తారా? చాలా చోట్ల 6 నిండితే చాలు. కొన్ని లాడ్జిలు అంతకన్నా పెద్ద వయసు పెడతాయి, కొన్ని చిన్నపిల్లలుంటే జీపు మొత్తం విడిగా తీసుకోమంటాయి. ఇది అక్కడికెళ్ళాక తెలిస్తే రోజువారీ ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. నడిచి తిరిగే బుష్ వాక్‌కి మాత్రం పాపని తీసుకెళ్ళరు, ఆ వయసు పరిమితి ఇంకా ఎక్కువ.

ధరలో ఏముంది, ఏం లేదు? గది, భోజనాలు, రెండు డ్రైవ్‌లు మామూలుగా ఉంటాయి. రిజర్వ్ ప్రవేశ రుసుము, కన్జర్వేషన్ లెవీ (అడవి సంరక్షణ రుసుము), ఎయిర్‌స్ట్రిప్ (చిన్న విమానాలు దిగే చోటు) నుంచి లాడ్జికి కారు, టిప్పులు చాలాసార్లు విడిగా పడతాయి. ఒక్కొక్కరికి రాత్రికి 500 డాలర్ల నుంచి 2,000 పైదాకా లాడ్జిలున్నాయి కాబట్టి, రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు ఈ చిన్నవన్నీ కలిపే పోల్చండి. పాపకి పిల్లల రేటు ఉందో లేదో కూడా అడగండి, మీ గదిలోనే పడుకుంటే చాలా చోట్ల తగ్గిస్తారు.

డాల్ఫిన్ నోస్

ఒకే చోట 4 రాత్రులన్నది ఒప్పుకుంటాను. కానీ 9 ఏళ్ళ పాప, 68 ఏళ్ళ పెద్దాయన అన్నప్పుడు సాబీ సాండే ఎందుకు? మాడిక్వే చూడండి.

మాడిక్వే నార్త్ వెస్ట్ ప్రావిన్స్‌లో, బోట్స్వానా సరిహద్దు దగ్గర, సుమారు 75,000 హెక్టార్లు. మలేరియా లేని ప్రాంతం. నలుగురికీ మాత్రలు, వాటి సైడ్ ఎఫెక్టులు, తిరిగొచ్చాక జ్వరం వస్తే కంగారు, ఇవేవీ ఉండవు. 1990ల్లో ఆపరేషన్ ఫీనిక్స్ పేరుతో 8,000కి పైగా జంతువుల్ని తెచ్చి వదిలిన చోటు అది. సింహాలు, ఏనుగులు, ఖడ్గమృగాలు, కేప్ బఫెలోలు బాగానే కనిపిస్తాయి. ఆఫ్రికా అడవి కుక్కలకి దక్షిణాఫ్రికాలో మంచి చోట్లలో ఇదొకటి. బయటివాళ్ళు కార్లలో వచ్చి తిరగడానికి వీల్లేదు, లాడ్జిలో దిగినవాళ్ళే తిరగాలి. జోహానెస్‌బర్గ్ నుంచి రోడ్డు మీద 4, 5 గంటలు, చివరి కొంత దూరం మట్టి రోడ్డు. సరిగ్గా అదే మోకాళ్ళకి ఇబ్బంది, కాబట్టి చిన్న విమానం ఉందేమో అడగండి.

లోటు ఒకటే, చిరుతపులి. మాడిక్వేలో ఉన్నాయి గానీ జీపులకి అంతగా అలవాటు పడలేదు, కనిపించకపోవచ్చు. సాబీ సాండ్‌లో చిరుతలు తరతరాలుగా జీపుల మధ్యే పెరిగాయి, పక్కనుంచి నడిచి వెళ్ళిపోతాయి. అంత దగ్గరగా చిరుతపులిని చూడటానికి ప్రపంచంలో అంతకన్నా మంచి చోటు చెప్పడం కష్టం. కాబట్టి ఇంట్లో కూర్చుని తేల్చుకోండి: చిరుతపులి ముఖ్యమా, మాత్రలు లేకపోవడం ముఖ్యమా? సీజన్ మాత్రం రెండిటికీ బాగుంది. మే చివరికి వానలు వెళ్ళి గడ్డి ఎండుతుంది, పొదలు పల్చబడతాయి, జంతువులు నీటి గుంటల దగ్గరికి చేరతాయి. సంక్రాంతి సెలవులకి వెళ్ళేవాళ్ళకి ఈ సౌకర్యం ఉండదు, అప్పుడు వానాకాలం, పచ్చదనంలో సింహం పది అడుగుల్లో ఉన్నా కనిపించదు.

సాగరతీరం

ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంట్లో మాట్లాడుకున్నాం. నాన్నగారికీ పాపకీ చిరుతపులే కావాలి, అందుకని సాబీ సాండ్ ఖాయం చేసుకుంటున్నాం, ఒకే లాడ్జి. ఇక మాత్రలు, కాగితాల సంగతి చెప్పండి. ఏజెంట్ ఇథియోపియాలోని ఆడిస్ అబాబా మీదుగా టికెట్ చౌక అంటున్నాడు, అందులో ఏమైనా చిక్కుందా?

పాత పోస్టాఫీసు

మొదట టికెట్టు. ఇథియోపియా ఎల్లో ఫీవర్ ముప్పున్న దేశాల జాబితాలో ఉంది. అక్కడి విమానాశ్రయంలో 12 గంటలకి మించి ఆగితే దక్షిణాఫ్రికాలో దిగేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది. తక్కువసేపు ఆగే టికెట్టే కొన్నా, కనెక్షన్ విమానం రద్దయి రాత్రంతా అక్కడే ఉండిపోతే లెక్క మారుతుంది. 60 దాటినవాళ్ళకి ఆ టీకాతో తీవ్రమైన దుష్ఫలితాలు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువ, కాబట్టి అవసరం లేనిచోట పెద్దాయనకి వేయించకండి. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో వెళ్ళండి, ఈ సమస్యే రాదు. ఎవరైనా కెన్యా కూడా కలిపి వెళ్తుంటే మాత్రం టీకా తప్పదు. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలోనే క్వారంటైన్ చేస్తారు. వాళ్ళు వైజాగ్‌లో పోర్ట్ హెల్త్ ఆఫీసుకి ఫోన్ చేసి టీకా ఏ రోజుల్లో వేస్తున్నారో కనుక్కుని వెళ్ళాలి.

వైజాగ్-హైదరాబాద్ టికెట్ వేరే పీఎన్ఆర్ మీద కొంటే రెండు విమానాల మధ్య కనీసం 5, 6 గంటలు ఉంచండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పితే ఆ నష్టం మీదే. జోహానెస్‌బర్గ్‌లో పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ చెక్-ఇన్ చేయాలి. గల్ఫ్ విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి విమానాశ్రయం పక్కనే పడుకుని, మర్నాడు పొద్దున స్కుకూజా (క్రూగర్ పార్కులోని విమానాశ్రయం) విమానం ఎక్కడం మంచిది. స్కుకూజా నుంచి లాడ్జి కారే వచ్చి తీసుకెళ్తుంది. కారు అద్దెకి తీసుకుని జోహానెస్‌బర్గ్ నుంచి నడుపుకుంటూ వెళ్తే సుమారు 6 గంటలు. చీకట్లో మాత్రం ఆ రోడ్లమీద నడపకండి, గుంతలుంటాయి, పశువులు అడ్డొస్తాయి, రిజర్వ్ గేటు మూసే వేళ కూడా ఉంటుంది.

మలేరియా. ఆ ప్రాంతంలో సెప్టెంబరు నుంచి మే దాకా ముప్పు ఎక్కువ. మే చివరికి తగ్గుముఖం పడుతుంది గానీ పోదు. అక్కడ ఉండేది ముఖ్యంగా ఫాల్సిపారమ్ రకం మలేరియా, మన పాడేరు, అరకు ఏజెన్సీలో భయపెట్టేదే. కాబట్టి మీ డాక్టరుకి కొత్తగా చెప్పక్కర్లేదు, వెళ్ళే ఊరూ తేదీలూ చెప్పండి. క్లోరోక్విన్ దానిమీద పనిచేయదు, ఇంట్లో ఉందికదా అని అది వేసుకోకండి.

తక్కువ రోజుల ప్రయాణానికి ఎక్కువగా రాసేది అటోవాక్వోన్-ప్రొగ్వానిల్. రిజర్వ్‌లోకి వెళ్ళడానికి 1, 2 రోజుల ముందు మొదలుపెట్టి, ఉన్నన్నాళ్ళూ రోజూ ఒకటి, బయటికొచ్చాక 7 రోజులు. మీ 4 రాత్రులకి పెద్దవాళ్ళకి తలా 13 మాత్రలు: ముందు రోజు 1, అక్కడ 5, తర్వాత 7. తిండి లేకుండా వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, ఒంటికి సరిగా పట్టదు కూడా. అందుకని పాలతోనో కొవ్వున్న భోజనంతోనో వేసుకోవాలి. పాపకి పిల్లల మాత్ర, అది బరువుని బట్టి: 21-30 కిలోలైతే రోజుకి 2, 31-40 అయితే 3. ఈ మందు మన ఊళ్ళో అన్ని షాపుల్లో ఉండదు, పిల్లల మాత్రలు ఇంకా తక్కువ. నెల ముందే చీటీ రాయించుకుని తెప్పించుకోండి. నాన్నగారికి బీపీ ఉంది కాబట్టి ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించండి, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి ఈ మందు ఇవ్వరు. డాక్సీసైక్లిన్ చౌకగా దొరుకుతుంది, కానీ తిరిగొచ్చాక 4 వారాలు వాడాలి, ఎండకి ఒళ్ళు త్వరగా కమిలిపోతుంది. నాలుగు రాత్రుల కోసం అంత అవసరం లేదు.

ఎక్కువమంది చేసే తప్పు చివరి 7 రోజుల మాత్రలు మానేయడం. కుట్టిన దోమ నుంచి వచ్చిన పరాన్నజీవి కొన్ని రోజులు కాలేయంలో ఉండి ఆ తర్వాత రక్తంలోకి వస్తుంది, ఆ 7 రోజులూ దానికోసమే. మాత్రలు వేసుకున్నా సాయంత్రం డ్రైవ్‌కి నిండు చేతుల చొక్కా, మేజోళ్ళు, డీట్ (దోమల్ని దూరంగా ఉంచే మందు) ఉన్న క్రీము తప్పవు. తిరిగొచ్చిన 3 నెలల్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆరోజే రక్తపరీక్ష చేయించి, దక్షిణాఫ్రికా వెళ్ళొచ్చామని డాక్టరుకి చెప్పండి.

వీసా దరఖాస్తు వీఎఫ్‌ఎస్ (వీసా దరఖాస్తులు తీసుకునే సంస్థ) ద్వారా, మనవాళ్ళు మామూలుగా హైదరాబాద్ సెంటర్‌లో ఇస్తారు. 6 నుంచి 8 వారాల ముందు ఇచ్చేయండి. పాస్‌పోర్టులో 2 ఖాళీ పేజీలు, తిరుగు తేదీ తర్వాత కనీసం 30 రోజుల గడువు ఉండాలి. పాపకి తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న జీవీఎంసీ జనన ధ్రువీకరణ పత్రం ఇంగ్లీషులో తీసుకుని, దాన్ని చేతిసంచిలో పెట్టుకోండి, దరఖాస్తుతో ఇచ్చేశాం కదా అనుకోకండి. పాపతో ఒక్కరే వెళ్ళే పరిస్థితి వస్తే రెండోవారి అనుమతి అఫిడవిట్ కూడా కావాలి.

ఇన్సూరెన్స్‌లో అత్యవసరంగా విమానంలో తరలించే ఖర్చు ఉందో లేదో చూడండి, నాన్నగారి బీపీని దాచకుండా రాయండి. పెద్ద ఆసుపత్రులు ఎంబొంబేలాలో ఉన్నాయి, అంటే పాత నెల్‌స్ప్రూట్. రిజర్వ్ లోపలినుంచి రోడ్డు మీద అక్కడికి చాలాసేపు పడుతుంది.

ఏజెంట్ ప్యాకేజీ మీద టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటాడు. అది పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను వెబ్‌సైటులో చూసుకుని రిటర్న్‌లో క్లెయిమ్ చేసుకోవచ్చు. ఏజెంట్ మీ పాన్ సరిగ్గా వేశాడో లేదో మాత్రం చూడండి.

భీమిలి రోడ్

పెట్టెలో ఏం పెట్టుకోవాలో నేను చెబుతాను.

చలి. మే చివర్లో పొద్దున 10 డిగ్రీల దాకా దిగుతుంది. అద్దాల్లేని జీపు వేగానికి గాలి కొడుతుంటే ఇంకా తక్కువ అనిపిస్తుంది. డిసెంబరులో తెల్లారుజామున లంబసింగి ఘాట్‌లో బైక్ మీద వెళ్తే ఎలా ఉంటుందో అలాగన్నమాట. మధ్యాహ్నానికి 25 దాటుతుంది. ఒక మందపాటి కోటు కంటే ఒకదానిమీద ఒకటి తీసేయగలిగే పొరలు మంచివి: లోపల థర్మల్, పైన ఫ్లీస్, దానిమీద గాలి ఆపే జాకెట్, చెవులు కప్పే టోపీ, చేతి తొడుగులు. ఎక్కువమందికి చల్లబడేది చేతులే, అవి గడ్డకట్టాక కెమెరా బటన్లు కూడా నొక్కలేరు. జీపులో కంబళ్ళు, వేడినీళ్ళ సంచులు చాలా లాడ్జిలు ఇస్తాయి. రంగు ఖాకీ, బూడిద, ఆకుపచ్చ ఏదైనా సరే, తెల్లవి మాత్రం దుమ్ముకి ఒక్క డ్రైవ్‌కే పోతాయి. ఆర్మీ డిజైన్ బట్టలు వద్దు, ఆఫ్రికాలో కొన్ని దేశాల్లో అవి వేసుకోవడం నేరం. చాలా చోట్ల లాడ్జిలోనే ఉతికి ఇస్తారు కాబట్టి మూడు జతలు చాలు.

పెట్టె. జోహానెస్‌బర్గ్ నుంచి లాడ్జి ఎయిర్‌స్ట్రిప్‌కి నేరుగా వెళ్ళే చిన్న విమానమైతే మనిషికి 20 కిలోలు, అదీ మెత్తటి సంచి. చక్రాల గట్టి పెట్టె ఆ విమానం సామాను అరలో పట్టదు. స్కుకూజా మామూలు విమానానికి ఈ బెడద తక్కువ, అయినా టికెట్ మీద బరువు చూసుకోండి.

ప్లగ్గు. అక్కడ గోడకి ఉండేది మన గీజర్, ఏసీలకి వాడే పెద్ద 3 పిన్నుల సాకెట్టే. చిన్న 6 ఆంపియర్ల ప్లగ్ అందులో పట్టదు. యూనివర్సల్ అడాప్టర్ అని అమ్మేవాటిలో చాలావాటికి ఈ పెద్ద పిన్నులుండవు, కొనేసి అక్కడికెళ్ళాక గోడ వైపు చూస్తూ కూర్చుంటారు. ఎలక్ట్రికల్ షాపులో 16 ఆంపియర్ల ప్లగ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి తీసుకోండి. ఒక్క సాకెట్ మీద నలుగురి ఫోన్లు, కెమెరా బ్యాటరీలు అన్నీ ఎక్కుతాయి. కరెంటు మనలాగే 230 వోల్టులు.

కెమెరా. 100-400 మి.మీ. జూమ్ లెన్స్ సరిపోతుంది. ఇక్కడ జంతువు దగ్గరకే వెళ్తారు, 600 పెడితే చిరుతపులి చెవి ఒక్కటే వస్తుంది. ట్రైపాడ్ జీపులో నిలబడదు, బీన్‌బ్యాగ్ తీసుకెళ్ళండి: ఖాళీ సంచి ఇక్కడినుంచి, అందులో పోయడానికి బియ్యమో పప్పో లాడ్జి వంటింట్లో అడిగితే ఇస్తారు. వానల్లేని కాలపు దుమ్ములో లెన్స్ మార్చకండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి, ఎగరనివ్వరు. బైనాక్యులర్ 8×42, వీలైతే ఇద్దరికొకటి. నలుగురికి ఒకటే ఉంటే చేతులు మారేలోపు పక్షి ఎగిరిపోతుంది. ఖడ్గమృగం ఫోటో తీస్తే లొకేషన్ ఆఫ్ చేసి పెట్టండి, అక్కడినుంచి ఎక్కడా పోస్ట్ చేయకండి. వేటగాళ్ళు అలాంటి ఫోటోలనుంచే ఆచూకీ పట్టగలరు. కొన్నిటికి కొమ్ము ఉండదు, వేటగాళ్ళ బారిన పడకుండా అధికారులే కోయించారు. అది గోరులాంటి పదార్థమే, మళ్ళీ పెరుగుతుంది. పాపకి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే చూసి బాధపడుతుంది.

సాగరతీరం

ఎంతో ఉపయోగం. చివరగా రెండు: నాన్నగారు జీపులో ఎక్కడ కూర్చోవాలి, ఎలా ఎక్కాలి? ఆయన భోజనానికి ఏం చెయ్యాలి? టిప్పులు ఎంతివ్వాలో కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

కంబాలకొండ

జీపులో రేంజర్ వెనక మూడు వరుసలుంటాయి, ఒకదానికన్నా ఒకటి ఎత్తు. వెనక వరుసనుంచి బాగా కనిపిస్తుంది, అందుకే అందరూ అక్కడికే పోతారు. కానీ అది వెనక ఇరుసు మీదో దాని వెనకో ఉంటుంది కాబట్టి గుంత వచ్చినప్పుడల్లా ఎగరేస్తుంది. నాన్నగారిని మొదటి వరుసలో కూర్చోబెట్టండి. ఎక్కాల్సిన ఎత్తు తక్కువ, కుదుపు తక్కువ, రేంజర్ చెప్పేది బాగా వినిపిస్తుంది. జీపు పక్కన ఇనప మెట్లే ఉంటాయి, మొదటి మెట్టు ఎత్తుగా ఉంటుంది. బుకింగ్‌లోనే మోకాళ్ళ సంగతి రాస్తే కింద పెట్టడానికి పీట తెస్తారు, కొన్నిచోట్ల ఎత్తైన అరుగు పక్కకే జీపు తెచ్చి ఆపుతారు. రేంజర్ పక్క సీటు ఖాళీ ఉంటే అది ఇంకా సులువు, అడగండి. గది కూడా భోజనశాలకి దగ్గర్లో, మెట్లు లేనిది కావాలని రాయండి. కొన్ని లాడ్జిల్లో చెక్క వంతెనల మీద చాలా దూరం నడవాలి. కంచె లేని లాడ్జిలో చీకటి పడ్డాక గదికి ఒంటరిగా వెళ్ళనివ్వరు, కాపలా మనిషి తోడొస్తాడు. పాపకి ఈ మాట మొదటిరోజే గట్టిగా చెప్పండి.

బీపీ మాత్రల్లో నీరు పోయేలా చేసేది ఉంటే దాన్ని పొద్దున డ్రైవ్ అయ్యాక వేసుకోవచ్చేమో డాక్టర్‌ని అడగండి. డ్రైవ్ మూడు, మూడున్నర గంటలు, మధ్యలో కాఫీకి ఒకచోట ఆపుతారు. అంతకుముందు అవసరమైతే మొహమాటపడకుండా చెప్పాలి, రేంజర్ చుట్టూ చూసి పొద వెనక చోటు చూపిస్తాడు. తెల్లారుజామున లేవడం మనకి కష్టం కాదు. అక్కడ 5:30 అంటే మన టైము 9, శరీరం అప్పటికే మేలుకుని ఉంటుంది. రాత్రి భోజనం దగ్గరే ఆవలింతలు వస్తాయి, అది చూసుకుని త్వరగా పెట్టమనండి.

జీపులో పాప లేచి నిలబడకూడదు. జంతువులు జీపుని, అందులోవాళ్ళని కలిపి ఒకే ఆకారంగా చూడటానికి అలవాటు పడ్డాయి. నిలబడినా, చెయ్యి బయటికి చాపినా ఆ ఆకారం విరిగి మనిషి మనిషిగా కనిపిస్తాడు. అప్పుడు అవి బెదరొచ్చు, మీదికీ రావొచ్చు.

భోజనం: వెజిటేరియన్ అని ఒక్క మాట రాస్తే సరిపోదు. గుడ్డు, చేప, మాంసం, జెలటిన్ లేకుండా, సూపులో చికెన్ స్టాక్ కూడా లేకుండా అని విడివిడిగా రాయించండి. కనీసం 3 వారాల ముందు రాయాలి. లాడ్జికి కూరగాయలు బయట ఊళ్ళనుంచి లారీలో వస్తాయి, అప్పటికప్పుడు తెప్పించలేరు. డర్బన్ భారతీయుల వల్ల ఆ దేశంలో వంటవాళ్ళకి పప్పు, కూర, అన్నం కొత్త కాదు, ఏం కావాలో చెబితే చేస్తారు. ఒక సాయంత్రం బోమాలో, అంటే కర్రల దడి లోపల నిప్పు చుట్టూ, భోజనం పెడతారు. అక్కడ అన్నీ ఒకే గ్రిల్ మీద కాలుస్తారు, నాన్నగారికి విడిగా పెనం మీద చేయమని ముందే చెప్పండి. కందిపొడి, కరివేపాకు పొడి సీలు వేసిన ప్యాకెట్లలో చాలు. తేనె, తాజా పళ్ళు, కూరగాయలు తీసుకెళ్ళకండి, సరిహద్దులో తీసేసుకుంటారు. గదిలో తినేవి బయట పెట్టకండి, గడియ వేయకుండా వెళ్ళకండి. బబూన్లు, వెర్వెట్ కోతులు తలుపు తీసి లోపలికి వస్తాయి, మందుల డబ్బా కూడా వదలవు.

టిప్పులు ఎంతివ్వాలో లాడ్జి కాగితం గదిలోనే ఉంటుంది, ముందు అది చూడండి. సుమారుగా రేంజర్‌కి రోజుకి మనిషికి 200 రాండ్లు, ట్రాకర్‌కి 100 నుంచి 150, మిగతా సిబ్బంది అందరికీ కలిపి పెట్టే డబ్బాలో 100 నుంచి 150. మీ నలుగురికి 4 రోజులకి రేంజర్‌కే 3,200 రాండ్లు, రాండ్ 5 రూపాయలనుకుంటే 16,000. ట్రాకర్‌ది రేంజర్ చేతికివ్వకుండా విడి కవర్లో అతనికే ఇవ్వండి. రిజర్వ్ లోపల ఏటీఎం ఉండదు, జోహానెస్‌బర్గ్‌లోనే చిన్న నోట్లు తీసుకోండి. నగదు సరిపోకపోతే చాలా లాడ్జిల్లో బయల్దేరేరోజు బిల్లుతోపాటు కార్డు మీద ఎవరికెంతో రాయించవచ్చు.

మొదటి డ్రైవ్ బయల్దేరేముందు రేంజర్‌కి ఒక మాట చెప్పండి: మాకు చిరుతపులి కావాలి, దొరికాక దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాం, బిగ్ ఫైవ్ (సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, కేప్ బఫెలో) పూర్తి చేయాలన్న తొందర లేదు. చెప్పకపోతే అతను ఐదూ చూపించేద్దామని ఒకదాని దగ్గరనుంచి ఇంకోదానికి పరుగు పెట్టిస్తాడు. జీపులో మిగతా ఇద్దరు ఐదూ చూడాలనుకునేవాళ్ళయితే అప్పుడే తెలుస్తుంది, మొదటి సాయంత్రమే ఇంకో జీపుకి మార్చమని అడగొచ్చు.